బురుజు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయి పోయినవాళ్లకు బుర్జ్ ఖలీఫా తెలుసు. ఆ ‘బుర్జ్’, మన బురుజు ఒకే మాట. అరబ్బీలో కోట గోపురమని అర్థం. ఫార్సీ మీదుగా తెలుగుకొచ్చింది.

బాణాల కాలంలో బురుజుకు ఎత్తే బలం. ఫిరంగి వచ్చాక ఆ ఎత్తే గురి అయింది. 1494లో ఫ్రెంచి ఫిరంగులు ఇటలీ మీద పడ్డాక, అక్కడివాళ్లు గోడల ఎత్తు తగ్గించి, మందం పెంచారు. గుండ్రటి బురుజు అడుగున శత్రువు దాక్కునే చోటు మిగిలేది. బురుజును కోణంగా కడితే ఆ చోటూ పక్క బురుజు గురిలోకి వచ్చింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్లతో కట్టించిన జగిత్యాల కోటది ఆ కోణాల బురుజులతో వచ్చే నక్షత్రాకారమే.

కోటకు కోణాలొచ్చినా మాట మారలేదు. పల్లెల్లో ‘బురుజు కాడ’ అంటే ఇప్పటికీ దారి చెప్పే గుర్తు.