సమాధి, గోరీ: రెండు మాటల వ్యాకరణం

బనగానపల్లె 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా నవాబుల సంస్థానం. చనిపోయినవారిపై కట్టే కట్టడానికి మన సీమలో రెండు మాటలున్నాయి: గోరీ, సమాధి. రెంటికీ అర్థం ఒకటేనని అనుకుంటాం. వ్యాకరణం అలా ఒప్పుకోదు.

ఘనమైన సమాధికి ఇంగ్లీషులో ఉన్న మాట ‘మాసోలియం’. క్రీ.పూ. 353లో మరణించిన కారియా పాలకుడు మౌసోలస్‌కు హాలికర్నాసస్‌లో కట్టిన కట్టడం పేరే తరువాత జాతివాచకమైంది. అరబ్బీ ‘మఖ్‌బరా’ అంటే ఖబ్ర్, అనగా గోరీ, ఉన్న చోటు. గోలకొండ దగ్గరి కుతుబ్‌షాహీల ‘గుంబజు’ పారశీక ‘గుంబద్’ నుంచి వచ్చింది. దాని అర్థం గుమ్మటం. మన గోరీకి మూలమైన ‘గోర్’ కూడా పారశీకమే. ఈ మాటల్లో ఒకటి రాజును, ఒకటి చోటును, ఒకటి పైకప్పును, ఒకటి గోతిని తలపిస్తాయి.

సమాధి అనే మాటలో కట్టడమే లేదు. ‘సమ్’, ‘ఆ’ ఉపసర్గలతో కూడిన ‘ధా’ ధాతువుకు ‘కి’ ప్రత్యయం చేరగా ఏర్పడిన పదమిది (పాణినీయం 3.3.92). నిధి, విధి, సంధి దీని తోబుట్టువులు. సంస్కృతంలో పుంలింగం, తెలుగులో అమహత్తు. చిత్తాన్ని ఒకచోట చక్కగా నిలపడం దీని అర్థం. పతంజలి చెప్పిన యోగాంగాలు ఎనిమిదింటిలో ఇది చివరిది. సన్న్యాసులను దహనం చేయక కూర్చున్న భంగిమలోనే పూడ్చేవారు. వారు పోయారనక సమాధిలో ఉన్నారనేవారు. ఆ మాట క్రమంగా చోటుకు, ఆపై కట్టడానికి అంటుకుంది.

బహువచనంలోనూ ఈ రెండు మాటల దారులు వేరు. సమాధిలోని హ్రస్వ ఇకారం ఉకారమై ‘సమాధులు’ అవుతుంది. గోరీలోని దీర్ఘం చెక్కుచెదరక ‘గోరీలు’గా నిలుస్తుంది. అంతకంటె ముఖ్యమైన భేదం క్రియలో ఉంది. గోరీ ‘కడతారు’, అక్కడ కర్తలు బతికి ఉన్నవారు. సమాధి ‘అవుతారు’, అక్కడ కర్త ఆ మనిషే. ‘గోరీ అయ్యాడు’ అని ఎవరూ అనరు.

బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులను కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెప్పే పోతులూరి వీరబ్రహ్మంగారు కందిమల్లాయపల్లెలో సజీవ సమాధి అయ్యారని భక్తుల నమ్మకం. ఆ ఒక్క వాక్యంలో యోగస్థితి, కట్టడం అనే రెండర్థాలూ విడిపోకుండా ఉన్నాయి.

నేడు నిజాన్ని సమాధి చేశారని, ఆశలు సమాధి అయ్యాయని రాస్తున్నాం. సంపూర్ణమైన మెలకువకు పెట్టిన పేరును పూడ్చివేతకు వాడుతున్నాం. అందుకు గోరీ కట్టడమనే నుడికారం మనకు ఉండనే ఉంది.