మైక్రాన్ సందులో

గుండె ఎడమ జఠరిక బిగుసుకుంది. కవాటం తెరుచుకుంది. ఒక్క తోపులో దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం బృహద్ధమనిలోకి ఎగదన్నుకొచ్చింది. అందులో మీరూ ఉన్నారు. ఎర్ర రక్తకణమంత సైజుకి కుదించుకుపోయి, ఒక కణం అంచు గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఈ శరీరం ఎవరిదో కాదు, కుర్చీలో కూర్చుని ఇది చదువుతున్న మీదే.

మీతోపాటు ఈ తోపులో బయల్దేరిన ఎర్ర కణాలు సుమారు 35 వేల కోట్లు. ఎటు చూసినా అవే. రక్తంలో దాదాపు 45 శాతం చోటు వాటిదే కాబట్టి ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా కదిలే వీలే లేదు. వేగం సెకనుకు మీటరు దాకా ఉంది. ఎనిమిది మైక్రాన్ల ప్రాణికి మీటరంటే తన ఒడ్డూ పొడవుకు లక్ష రెట్లకు పైన. గుండె కాస్త ఆగినప్పుడు, సాగిన ధమని గోడ మళ్లీ ముడుచుకుని రక్తాన్ని ముందుకు తోస్తుంది. అందుకే ప్రవాహం తెగడం లేదు, ఎగిసి తగ్గుతోంది, అంతే.

ఈ హడావిడిలోనే మీరు పట్టుకున్న కణాన్ని ఒకసారి తడిమి చూడండి. అంచు దగ్గర రెండున్నర మైక్రాన్ల మందం, మధ్యలో ఒక మైక్రానే. రెండు వైపులా గుంట. లోపల కేంద్రకం లేదు. ఎముక మూలుగలో తయారయ్యేటప్పుడే దాన్ని బయటికి నెట్టేసింది. మైటోకాండ్రియాలూ లేవు. తాను మోస్తున్న ఆక్సిజన్‌లో తనకంటూ రవ్వంత కూడా వాడుకోదు. లోపలున్నదంతా చిక్కటి హిమోగ్లోబిన్ ద్రవం, సుమారు 27 కోట్ల అణువులు. గట్టిగా ఉండే వస్తువేదీ లోపల మిగల్లేదు. ఆ సంగతి కాసేపట్లో ఎంత ముఖ్యమో మీకే తెలుస్తుంది.

అరచేయి పెడితే పొర సన్నగా అదురుతోంది. ఈ అదురును పంతొమ్మిదో శతాబ్దంలోనే సూక్ష్మదర్శినిలో చూశారు. 1975లో ఫ్రాన్స్వాజ్ బ్రోషార్, లెనన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి, చుట్టూ ఉన్న నీటి అణువుల వేడి తాకిడికి పొర ఊగుతోందని తేల్చారు. అదొక్కటే కాదని, కణం తన శక్తిని ఖర్చుపెట్టి కూడా పొరను ఊపుతోందని 2016లో మరో బృందం కొలతలతో చూపించింది. నాకు ఈ రెండో మాట చాలా ఇష్టం. కేంద్రకం లేదు, విభజన లేదు, కొత్త ప్రొటీను తయారు చేసుకునే శక్తి లేదు. అయినా ఇది ఒట్టి సంచీ కాదు.

పొర కిందికి దూరండి. అక్కడ స్పెక్ట్రిన్ అనే పొడుగాటి ప్రొటీన్ల అల్లిక ఉంది. ముడి దగ్గర ముడి, ఆరు వైపులకూ పోగులు. ఒక్కో పోగును లాగితే 200 నానోమీటర్ల దాకా సాగుతుంది, వదిలితే మూడో వంతుకు ముడుచుకుంటుంది. అందుకే ఈ కణాన్ని పొడుగ్గా లాగడం, మడవడం చాలా తేలిక. కానీ పైనున్న కొవ్వు పొర వైశాల్యాన్ని పెంచాలని చూస్తే మాత్రం ఒప్పుకోదు. మూడు నాలుగు శాతం పెరిగేసరికి చిరిగిపోతుంది. ఆకారం ఎలాగైనా మార్చుకోవచ్చు, చర్మం మాత్రం పెంచుకోకూడదు: ఈ కణం బతుకంతా ఈ ఒక్క షరతు మీద నడుస్తుంది.

మరి అంత వంగడం ఎక్కణ్నించి వచ్చింది? లెక్క చిన్నదే. కణం లోపలి పరిమాణం 90 ఘన మైక్రాన్లు. అంత ద్రవాన్ని గుండ్రటి బంతిలో పోస్తే పైపొరకు 97 చదరపు మైక్రాన్లు చాలు. దీనికి దాదాపు 140 ఉంది. అంటే అవసరానికి మించి నలభై శాతం పైన చర్మం. నిండుగా కుట్టేసిన బియ్యం బస్తా ఎటూ వంగదు. కాస్త వెలితిగా నింపి మూతి కట్టిన బస్తానైతే హమాలీ తన భుజం వంపుకు తగ్గట్టు ఒదిగించుకుంటాడు. ఎర్ర కణం ఆ వెలితి బస్తా. దాని ఆస్తి హిమోగ్లోబిన్ అని మనకు బళ్లో చెప్పారు. ఆ హిమోగ్లోబిన్‌ను చేరాల్సిన చోటికి చేర్చేది మాత్రం ఈ వదులే.

ఈలోగా మీరు మోచేయి దాటి మణికట్టు దాకా వచ్చేశారు. దారులు చీలుతున్నాయి, సన్నబడుతున్నాయి. ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్ 1840లలో సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాలు పంపి కనిపెట్టిన నియమం ఇక్కడ ప్రాణాంతకంగా కనిపించాలి: గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహానికి అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. ఈ లెక్కన గుండె ఎప్పుడో చేతులెత్తేయాలి. కానీ చుట్టూ చూడండి. కణాలన్నీ గోడలను వదిలి గొట్టం మధ్యకు జరుగుతున్నాయి. మీ కణమూ ఏటవాలుగా ఒరిగి నడిమధ్యకు వచ్చింది. గోడ పక్కన పలచటి ప్లాస్మా మాత్రమే మిగిలింది. ఒరిపిడి ఎక్కువుండే చోట పలచటి ద్రవం చేరడంతో రక్తం తేలిగ్గా జారుతోంది. గొట్టం 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నబడే కొద్దీ రక్తం పలచబడినట్టు ప్రవర్తిస్తుందని స్వీడన్‌కు చెందిన ఫోరియస్, లిండ్‌క్విస్ట్ 1931లో చూపించారు. కణాలు మెత్తగా ఉండి ఒదుగుతున్నందువల్లే ఇది ఇంత బాగా జరుగుతుంది.

ముందు చీకటి సందులాంటిదేమీ లేదు. కేశనాళిక నోరు ఉంది. చూపుడువేలి కొసన, గోరు కింద, అయిదు మైక్రాన్ల వెడల్పున. మీ కణం ఎనిమిది.

వేగం ఒక్కసారిగా పడిపోయింది. సెకనుకు అర మిల్లీమీటరు. ఇక్కడి భౌతికశాస్త్రం మీరు రోజూ బతికే లోకానిది కాదు. తోసి వదిలేస్తే కాస్త దూరం వెళ్లి ఆగడం అనేది ఇక్కడ లేదు. తోపు ఆగిన క్షణమే కదలికా ఆగుతుంది. జడత్వానికి విలువ లేదు, స్నిగ్ధతదే రాజ్యం. వెనక నుంచి ఒత్తిడి వస్తేనే అడుగు పడుతుంది.

కణం నోటికి తగిలింది. మధ్య గుంట లోపలికి వంగింది, అంచులు వెనక్కి ముడుచుకున్నాయి. మొహం గుండ్రంగా ముందుకు, తోక వెడల్పుగా వెనక్కి, సగం మూసిన గొడుగులాంటి రూపంలోకి మారి లోపలికి జారింది. పొరలో ఒక్క చదరపు మైక్రాను పెరగలేదు, ఉన్న వదులే సర్దుకుంది. గోడకూ దానికీ మధ్య పల్చటి ప్లాస్మా పొర, గోడ మీద చక్కెర గొలుసుల మెత్తటి పూత. ఇంత దగ్గరగా రాసుకుంటూ వెళ్తోంది కాబట్టే ఆక్సిజన్ దాటాల్సిన దూరం ఇంత తక్కువ. ఇరుకు ఇక్కడ అడ్డంకి కాదు, ఏర్పాటు.

నలుగుతున్న పొరలో ఒక ద్వారం తెరుచుకుంది చూశారా? దాని పేరు పియెజో1. పొర బిగుసుకుంటే తెరుచుకుని కాల్షియంను లోపలికి వదులుతుంది. 2010లో కాలిఫోర్నియాలోని ఆర్డెమ్ పటపూటియన్ ప్రయోగశాల దీన్ని కనిపెట్టింది. స్పర్శ రహస్యాలకు 2021లో ఇచ్చిన నోబెల్‌లో ఆయన భాగస్వామి. కాల్షియం రాగానే మరో ద్వారం గుండా పొటాషియం బయటికి పోతుంది, దాని వెంట కాస్త నీరూ పోతుంది. నలిగినప్పుడు కణం రవ్వంత నీరు వదిలి మరింత వదులవుతుందన్నమాట. అంతేకాక నలిగిన కణం ఏటీపీ అనే శక్తి అణువును బయటికి వదులుతుంది. దాన్ని అందుకున్న రక్తనాళం వెడల్పవుతుంది. తనను నొక్కుతున్న దారిని తనే తెరిపించుకుంటోంది.

సెకను గడిచింది. ఆక్సిజన్ దిగిపోయింది. కణం కొసకు చేరింది. ఈ ఒక్క సెకను దగ్గర ఆగాలి, ఎందుకంటే అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలోనూ ఆదిలాబాద్ గూడేల్లోనూ ఎందరో పిల్లల బతుకు ఈ సెకను మీదే ఆధారపడి ఉంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ల హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఆరో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంటుంది. ఆక్సిజన్ దిగగానే ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని బిరుసైన పోగులుగా పెరుగుతాయి. పోగులు పెరిగితే వదులు పోతుంది, కణం కొడవలిలా గట్టిపడి దారికి అడ్డం పడుతుంది. వెనకున్న కండకు రక్తం అందక, ఎముకలు పిండేసినట్టుండే నొప్పి మొదలవుతుంది.

అయితే పోగులు వెంటనే పుట్టవు, కొంత ఆలస్యం ఉంది. హాఫ్రిక్టర్, రాస్, ఈటన్ 1974లో ఆ ఆలస్యాన్ని కొలిచారు. కణంలో హిమోగ్లోబిన్ గాఢత సుమారు ముప్ఫయ్యో ఘాతంతో అది మారుతుంది. గాఢత పది శాతం తగ్గితే ఆలస్యం ఇరవై రెట్ల పైన పెరుగుతుంది. కణం కేశనాళిక దాటి ఊపిరితిత్తులు చేరేలోపు పోగులు పుట్టకపోతే గండం గడిచినట్టే. నీళ్లు బాగా తాగమని డాక్టర్లు పదే పదే చెప్పడం వెనక ఉన్నది ఈ పరుగుపందెమే. ఒంట్లో నీరు తగ్గితే కణంలో గాఢత పెరుగుతుంది, గడువు కుంచించుకుపోతుంది. హైడ్రాక్సీయూరియా మాత్ర పిండదశ హిమోగ్లోబిన్‌ను పెంచి గడువును పొడిగిస్తుంది. ఎండలో కొండలెక్కి దిగే పిల్లకు నీళ్ల సీసా, ఆ మాత్ర సమయానికి అందడం ఎంత పెద్ద విషయమో ఈ నాళికలో నిలబడితే అర్థమవుతుంది.

మీ కణం బయటపడింది. సెకనులో పదో వంతులో మళ్లీ బిళ్ల ఆకారానికి వచ్చేసింది. సిరలు, కుడి గుండె, ఊపిరితిత్తులు. అక్కడి కేశనాళికల్లో ఉండేది ముప్పావు సెకను, ఆక్సిజన్ నిండడానికి అందులో మూడో వంతు చాలు. మళ్లీ ఎడమ జఠరిక. మొత్తం చుట్టుకు సుమారు నిమిషం.

ఈసారి తోపులో దారి మారింది. కిందికి, ఎడమ పక్కటెముకల వెనక్కి. ప్లీహం.

ఇక్కడ రక్తం కొంతమేర నాళాల్లోంచి బయటికొచ్చి మెత్తటి గుజ్జులో నెమ్మదిగా తిరుగుతుంది. చుట్టూ మాక్రోఫేజ్‌లు, అంటే భక్షక కణాలు. వచ్చిన ప్రతి కణాన్నీ తడుముతున్నాయి. తిరిగి రక్తప్రవాహంలో కలవాలంటే ఎదురుగా ఉన్న గోడ దాటాలి. గోడ కణాల మధ్య సందులు ఉన్నాయి. వెడల్పు ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ.

లెక్క ప్రకారం ఈ కణం 2.7 మైక్రాన్ల కంటే సన్నని పొడుగాటి గొట్టంలో పట్టదు. మరి ఒక మైక్రాన్‌లో ఎలా? సందు పొడుగాటి గొట్టం కాదు, పలచటి గోడలో చీలిక. కణం ముక్కు దూర్చింది. లోపలి ద్రవం సన్నటి మెడ గుండా అవతలికి పారుతోంది. అవతల ఒక బుడగ పెరుగుతోంది, ఇవతలిది తగ్గుతోంది. రెండు వైపులా రెండు ముద్దలు, మధ్యలో మైక్రాన్ మందం మెడ. స్పెక్ట్రిన్ పోగులు సాగి సాగి కొసకు వచ్చాయి. శరీరంలో ఎర్ర కణానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు.

మీకు ఎడమ పక్కన మరో కణం ఆగిపోయింది. పుట్టుకతో పొర అతుకులు బలహీనమైన స్ఫెరోసైటోసిస్ రోగిలో ఎన్నో కణాలు ఇలాగే ఆగుతాయి. చర్మం ముక్కలుగా రాలి, వదులు పోయి, కణం బంతిగా మారుతుంది. హిమోగ్లోబిన్ అంతా ఉంటుంది, వంగే వీలు ఉండదు. ప్లీహం దాన్ని తినేస్తుంది. అలాంటి రోగులకు ప్లీహం తీసేస్తే అవే బంతి కణాలు చాలాకాలం బతుకుతాయి, రక్తహీనత తగ్గుతుంది. చెడ్డది హిమోగ్లోబిన్ కాదు, దూరలేకపోవడమే చావుకు కారణం అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఈ సందును తప్పించుకోవడానికి ఒక పరాన్నజీవి ఎంత పని చేస్తుందో కూడా ఇక్కడే చెప్పాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక ఎనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దోమ నుంచి మనిషి రక్తంలోకి వచ్చాక, ఫాల్సిపరం రకం ఎర్ర కణంలో దూరి పెరుగుతుంది. పెరిగే కొద్దీ కణం బిరుసెక్కుతుంది. ఆ బిరుసుతో ప్లీహానికి వస్తే దొరికిపోవడమే. అందుకని కణం పైకి బొడిపెలు పుట్టించి, జిగురు ప్రొటీన్లు నిలిపి, కేశనాళిక గోడకు అతుక్కుంటుంది. ప్లీహం వైపు రానే రాదు. మెదడు నాళాల్లో అలా అతుక్కుంటే వచ్చేదే మెదడు మలేరియా. ఇక అలా అతుక్కోలేక పట్టుబడినవాటితో ప్లీహం ఉబ్బిపోతుంది. పాతరోజుల్లో జ్వరాల సీజనులో పిల్లల పొట్టలో బల్ల పెరిగిందని పెద్దలు తడిమి చెప్పింది దీన్నే.

మీ కణం ఇంకా సందులోనే ఉంది. సగానికి పైగా అవతలికి చేరింది. ఇవతల మిగిలిన ముద్ద చిన్నదైంది, ఒక్క ఊపు చాలు. దాటేటప్పుడు తోక కొస తెగి చిన్న బుడగగా ఇవతలే ఉండిపోయింది. ఒక మాక్రోఫేజ్ దాన్ని అందుకుంది. ఇలా కొద్దికొద్దిగా పొరా హిమోగ్లోబిన్ పోగొట్టుకుంటూ, 120 రోజుల బతుకులో కణం దాదాపు ఐదో వంతు కోల్పోతుంది. లోపలి సరుకు చిక్కబడుతుంది, వదులు తరుగుతుంది. కొత్త పొర తయారు చేసుకునే యంత్రాంగం లేదు కాబట్టి పోయింది పోయినట్టే. ఈ కణం వయసు ఇంకా నలభై రోజులే. అవతల బిళ్లగా విచ్చుకుని, ప్లీహ సిరలో పడి, కాలేయం వైపు సాగిపోతోంది.