అణువు నుండి వాహకానికి: మెథోట్రెక్సేట్ చరిత్రలో మెదడు అవరోధం

ఉపోద్ఘాతం

ఔషధ చరిత్రను సాధారణంగా కొత్త అణువుల ఆవిష్కరణల వరుసగా రాస్తారు. అయితే మందు విలువను రసాయన నిర్మాణం ఒక్కటే నిర్ణయించదు. వ్యాధి ఉన్న చోటికి అది చేరగలగాలి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పరిశోధనల నుండి వెలువడిన మెథోట్రెక్సేట్ చరిత్ర ఇందుకు నిదర్శనం. ఆ కోణాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. లెడర్లీ ప్రయోగశాల

సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో చేరాడు. ఆయన నేతృత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ సాధ్యమైంది. కణ విభజనకు ఈ విటమిన్ అవసరం. దానిని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడే రూపొందాయి. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది ల్యుకేమియా పిల్లలలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించాడు.

2. మందు చేరని చోటు

ఉపశమన కాలం పెరిగినకొద్దీ మరో సమస్య బయటపడింది. రక్తంలో అణగిన వ్యాధి మెదడు పొరలలో తిరగబెట్టసాగింది. రక్తంలోకి ఎక్కించిన రంగులు మెదడుకు అంటడం లేదని పాల్ ఎర్లిక్ 1885లోనే గమనించాడు. మెదడు రక్తకేశనాళికల గోడకణాలు సందు లేకుండా అతుక్కొని ఉండటమే ఇందుకు కారణమని 1967లో రీస్, కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో నిరూపించారు.

వైద్యులు రెండు మార్గాలు అనుసరించారు. మొదటిది, మందును వెన్నులోని ద్రవంలోకి నేరుగా ఎక్కించడం. రెండవది, సిరలోకి భారీ మోతాదులో ఇవ్వడం. మెదడులో పుట్టే లింఫోమాకు నేటికీ రెండవ మార్గమే ప్రధాన ఆధారం. అయితే ఇందులో రక్తంలోని మందు స్థాయిని పదేపదే కొలవాలి. విషప్రభావాన్ని తగ్గించేందుకు ల్యూకోవొరిన్ ఇవ్వాలి.

3. వాహకం వైపు

నానోకణాల పరిశోధన ప్రశ్ననే మార్చింది: మందును మార్చకుండా దాని వాహకాన్ని మార్చవచ్చునా? జర్మన్ శాస్త్రజ్ఞుడు యోర్గ్ క్రాయిటర్ బృందం 1990లలో పాలిసార్బేట్ 80 పూసిన కణాలను మెదడుకు చేర్చింది. ఈ పూత రక్తంలోని అపోలిపోప్రొటీన్ ఇ ను ఆకర్షిస్తుంది. అవరోధ కణాలు దానిని కొవ్వు రేణువుగా భావించి లోనికి తీసుకుంటాయని వివరణ. 2006లో చైనా పరిశోధకులు మెథోట్రెక్సేట్‌నే ఇటువంటి కణాలలో నింపి ఎలుకలపై పరీక్షించారు. 70 నానోమీటర్ల కణాలు పెద్ద కణాల కంటే ఎక్కువ మందును మెదడుకు చేర్చాయి.

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో అరబింద చౌధురి బృందం 2017లో వేరొక ద్వారాన్ని ఎంచుకుంది. అమైనో ఆమ్లాలను మెదడులోకి చేరవేసే వాహక ప్రొటీన్‌ను లక్ష్యంగా చేసుకొని, ఎల్-డోపా అమర్చిన లైపోసోములను గ్లయోబ్లాస్టోమా ఉన్న చిట్టెలుకలపై ప్రయోగించింది.

ముగింపు

జంతువులలో లభించిన ఫలితం రోగికి చికిత్సగా మారడం వేరే ఘట్టం. ఆ ఘట్టంలో అవరోధం కేశనాళిక గోడ ఒక్కటే కాదు. భద్రాచలం మన్యం నుండి హైదరాబాదుకు రోడ్డు దూరం 300 కిలోమీటర్లకు పైనే. రోజుల తరబడి రక్తపరీక్షలు కోరే చికిత్స ఆ రోగికి ఎంత అందుతుందన్నది కూడా ఔషధ చేరవేత ప్రశ్నే. అణువు నుండి వాహకానికి మళ్లిన ఈ చరిత్ర రోగి దాకా సాగినప్పుడే సంపూర్ణమవుతుంది.