కిటికీకి అంటించిన కాగితం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మన పెద్దలు అమెరికాలో సిటీ పర్మిట్ కౌంటర్ ముందు నిలబడి ఎరగరు. నిలబడి ఉంటే ఆ సామెతలో పెళ్ళి ఊసే వచ్చేది కాదు.

మేం ఇల్లు కట్టుకుంటున్నామని చెప్పగానే నాన్నగారు ఫోనులో అడిగింది ఒక్కటే. "శంకుస్థాపన ఎప్పుడురా?" సిటీ వాళ్ళు పర్మిట్ ఇచ్చాక అన్నాను. "డబ్బులిచ్చి కొనుక్కున్న స్థలంలో గొయ్యి తవ్వుకోవడానికి మధ్యలో వాళ్ళ అనుమతేమిటి?" అన్నారు. ఊళ్ళో ఆయన కట్టిన ఇంటికి ప్లానంటే మేస్త్రి కర్రపుల్లతో నేలమీద గీసిన గీతలే మరి.

ఇక్కడ అలా కుదరదు. స్థలం హద్దులనుంచి ఇల్లు ఎన్ని అడుగులు లోపలికి ఉందో చూపే ప్లాటు ప్లాను, పునాది లెక్కలు, ఇంజనీరు ముద్ర, కరెంటు, నీళ్ళ గొట్టాల డ్రాయింగులు, అన్నీ చంకన పెట్టుకుని వెళ్తే ఎర్రసిరా గుర్తులతో రెండుసార్లు తిరిగొచ్చాయి. మూడోసారి ఫీజు కట్టించుకుని పర్మిట్ కార్డు చేతికిచ్చారు. వీధిలోకి కనబడేలా పెట్టమన్నారు. ముందు ఒక కర్రకి కొట్టి, కిటికీలు బిగించాక అద్దానికి అంటించాను. ఇన్నిసార్లు తిరిగినా నేనెవరినో, ఏ దేశంనుంచి వచ్చానో కౌంటర్లో ఒక్కరూ అడగలేదు. అందులో విశేషం ఉందని నాకప్పుడు తోచలేదు.

నాన్నగారి ప్రశ్నకి సగం జవాబు నిప్పులో ఉంది. 1871 అక్టోబరులో చికాగో తగలబడింది. చెక్క ఇళ్ళు, చెక్క కాలిబాటలు. సుమారు 300 మంది పోయారు. 17 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. దాదాపు లక్షమందికి నిలువనీడ లేకుండా పోయింది. నా ఇల్లు అంటుకుంటే పక్కింటికి పాకుతుంది కనక నా ఇల్లు నా ఒక్కడి వ్యవహారం కాదు. దేనితో కట్టాలి, గోడకీ గోడకీ ఎంత ఎడం ఉండాలి అన్న నియమాలు ఇలాంటి మంటల తర్వాతే బిగుసుకున్నాయి. నష్టపరిహారాలు కట్టే బాధ తమది కనక అగ్నిబీమా కంపెనీల సంఘమే 1905లో ఒక నమూనా బిల్డింగ్ కోడ్ తయారుచేసి నగరాలముందు పెట్టింది. ఇంతవరకూ చెబితే నాన్నగారు ఒప్పుకున్నారు.

రెండో సగం ఫోనులో తేలేది కాదు.

1880లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఒక నియమం పెట్టింది. ఇటుక కట్టడంలోనో రాతి కట్టడంలోనో తప్ప మరెక్కడ లాండ్రీ నడపాలన్నా నగర సూపర్వైజర్ల బోర్డు అనుమతి తీసుకోవాలి. పైకి ఇదీ నిప్పు భయమే. ఊళ్ళో ఉన్న సుమారు 320 లాండ్రీల్లో 310 చెక్క కట్టడాల్లోనే ఉండేవి. వాటి యజమానుల్లో 240 మంది దాకా చైనా వాళ్ళు. అనుమతి కోరిన రెండువందల పైచిలుకు చైనా వాళ్ళలో ఒక్కరికీ ఇవ్వలేదు. మిగతా జాతులవాళ్ళు ఎనభై మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. అదే చెక్క, అదే పొయ్యి!

లీ యిక్ అనే ఆయన అక్కడ 22 ఏళ్ళుగా లాండ్రీ నడుపుతున్నాడు. ఫైర్ వార్డెన్లు చూసి బాగానే ఉందని ఇచ్చిన కాగితం కూడా ఆయన దగ్గరుంది. అయినా అనుమతి లేదని 10 డాలర్ల జుల్మానా వేశారు. కట్టనని జైలుకెళ్ళాడు. యిక్ వో అన్నది ఆయన దుకాణం పేరు. కోర్టు కాగితాల్లో మనిషి పేరూ అదే అయి కూర్చుంది. (మన ఇంటిపేర్లకి ఇక్కడ పట్టే గతి తెలిసినవాళ్ళకి ఇదేం వింత కాదు.) 1886 మే 10న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చట్టం రాతలో అందరికీ ఒక్కటిగానే ఉన్నా, అమలు చేసే చెయ్యి మనిషినిబట్టి మారితే అది రాజ్యాంగానికి విరుద్ధమేనంది. ఆ రక్షణ ఈ దేశపు పౌరుడు కానివాడికీ ఉందంది. కౌంటర్లో నన్నెవరూ ఏమీ అడగకపోవడం వెనక ఆ చాకలి దుకాణం ఉంది.

తీర్పు వచ్చింది కదా అని బుద్ధులు మారలేదు. తెల్లవాళ్ళు ఎక్కువున్న వీధిలో నల్లవాళ్ళు కాపురం పెట్టకూడదని లూయీవిల్ నగరం 1914లో శాసనం చేసింది. 1917లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత అదే పని ఇళ్ళ దస్తావేజుల్లో షరతులుగా చేరింది.

కొన్నిసార్లు ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. వైష్ణోదాస్ బాగాయ్ 1915లో పెషావర్‌నుంచి భార్య కళనీ, ముగ్గురు కొడుకులనీ తీసుకుని శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాడు. కొన్నాళ్ళకి బర్కిలీలో ఇల్లు కొన్నాడు. సామాన్లతో వెళ్ళేసరికి ఇరుగుపొరుగులు వీళ్ళు లోపలికి అడుగుపెట్టకుండా తలుపులు మూసి బిగించేశారు. కళ అలాంటి మనుషుల మధ్య ఉండనంది. వెనక్కి తిరిగిపోయారు. ఆయన పౌరసత్వం అయితే సంపాదించాడు గాని, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చాక అది ఊడింది. కాలిఫోర్నియా భూచట్టంవల్ల ఆస్తులూ వదులుకోవలసి వచ్చింది. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. కళ పిల్లల్ని పెంచుకుంటూ ఇక్కడే ఉండిపోయి 1983 దాకా బతికింది. ఆమెని రానివ్వని బర్కిలీ ఊరి నడిబొడ్డున ఇప్పుడొక వీధికి కళా బాగాయ్ పేరుంది.

మా ఇంటికి ఆఖరి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన పొగ అలారాలన్నీ నొక్కి చూసి, కార్డు మీద సంతకం పెట్టి వెళ్ళాడు. మర్నాడు గృహప్రవేశం. పాలు పొంగి బర్నరు మీద మాడాయి. కోడ్ ప్రకారం ఒక అలారం మోగితే ఇంట్లో ఉన్నవన్నీ మోగాలి. మోగాయి.