నిమిషానికి 45 పదాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. కడప జిల్లాలోని ఈ మూడు ఊళ్లలో డెబ్భైల నుంచి తొంభైల దాకా ఇంటర్మీడియెట్ ముగించి ఇంట్లో ఉన్న ఆడపిల్లకు పెద్దవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: "ఊరికే కూచునే బదులు టైపన్నా నేర్చుకోరాదా?" పెళ్లి కుదిరేదాకా కాలక్షేపానికని అన్న మాటే కావచ్చు. కానీ ఆ మాట పట్టుకుని రోజూ ఒక గంట మిషను ముందు కూర్చున్న పిల్ల లోయర్, ఆ తర్వాత హయ్యర్ పరీక్షలు రాసేది. ఇంగ్లీషులో లోయర్ అంటే నిమిషానికి 30 పదాలు, హయ్యర్ అంటే 45. ఆమె రంగును, కులాన్ని, తేగల కట్నాన్ని అప్పటికే లోకం కొలిచి పెట్టింది. ఆ కొలతల్లో ఏదీ ఆమె చేతిలో లేదు. సాధన చేస్తే పెరిగే కొలత ఇదొక్కటే. మన స్త్రీల చరిత్రలో బడికి, పెళ్లికి, ఉద్యమానికి దక్కిన చోటు ఈ కొలతకు దక్కలేదు.

ఇంతకీ ఈ కొలత ఎక్కడిది? అమెరికాలో షోల్స్, ఆయన సహచరులు టైపు మిషనుకు 1868లో పేటెంటు పొందారు. 1874 నాటికి రెమింగ్టన్ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. చాలాకాలం ఆ మిషను మీద రెండు మూడు వేళ్లతోనే, మీటల్ని చూస్తూ కొట్టేవారు. చూడకుండా వేగంగా కొట్టే పద్ధతి గురించి చెప్పేటప్పుడు చరిత్ర పుస్తకాలు ఫ్రాంక్ మెగరిన్ పేరు చెబుతాయి. 1888 జులై 25న సిన్సినాటీ నగరంలో జరిగిన పోటీలో ఆయన నెగ్గాడు. అదే నగరంలో అంతకు ఆరేళ్ల ముందు, 1882లో, అన్ని వేళ్లూ వాడి కొట్టే పాఠాలను పుస్తకంగా వేసిన మార్గరెట్ లాంగ్లీ పేరు ఎందరికి తెలుసు? ఆమె టైపు నేర్పిన పంతులమ్మే కాదు, స్త్రీల ఓటు హక్కు కోసం పనిచేసిన మనిషి కూడా. పోటీలో గెలిచినవాడు చరిత్రకెక్కాడు, నేర్పినామె పక్కకు పోయింది. ఆ రోజుల్లో ఇంగ్లీషులో 'టైప్‌రైటర్' అంటే మిషను అనీ అర్థమే, దాని ముందు కూర్చున్న స్త్రీ అనీ అర్థమే. మనిషికీ యంత్రానికీ ఒకే పేరు పెట్టడంలోనే ఆ పనికిచ్చిన విలువ తెలుస్తుంది.

వేగాన్ని లెక్కించడానికి ముందు పదమంటే ఏమిటో తేల్చాలి. అయిదు మీటలు కొడితే ఒక పదం, ఖాళీ కూడా ఒక మీటే. అయిదు నిమిషాల్లో 1000 మీటలు కొడితే 200 పదాలు, అంటే నిమిషానికి 40. అందులో పది తప్పులున్నాయనుకుందాం. తప్పుకొక పదం తీసేస్తే వేగం 38కి దిగుతుంది. పాత అంతర్జాతీయ పోటీల్లో ఒక్కో తప్పుకు పది పదాలు కోసేసే నియమం ఉండేది. ఆ లెక్కన 200లో 100 పోయి వేగం 20 అవుతుంది. ఇది క్రూరంగా కనిపించవచ్చు. కానీ కార్బన్లు పెట్టి నాలుగు ప్రతులు తీసే ఆఫీసులో ఒక్క తప్పుకు నాలుగు కాగితాలూ చెరిపి దిద్దాలి. ఆ శ్రమ తెలిసినవాళ్లకు ఆ నియమం అర్థమవుతుంది.

అందుకే ఇన్‌స్టిట్యూట్లలో మొదట నేర్పింది వేగం కాదు. 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' అంటూ ఎడమ చేయి, దానికి జవాబుగా కుడి చేయి, రోజుల తరబడి అదే పాఠం. చూపు మీటల మీద కాదు, పక్కనున్న పుస్తకం మీద ఉండాలి. ఉంగరపు వేలు, చిటికెన వేలు మాట వినవు. వాటికి పని చెప్పే అక్షరాలనే మళ్లీ మళ్లీ కొట్టించేవారు. ఒక్కో మీటకూ మధ్య ఎడం సమానంగా ఉండాలి, దరువులాగా. తెలిసిన పదాన్ని గబగబా కొట్టి, తెలియని పదం దగ్గర ఆగిపోతే లయ తప్పుతుంది, లయ తప్పితే తప్పు పడుతుంది. తప్పులు తగ్గితే వేగం దానంతటదే వస్తుందన్నది ఆ గదుల్లో పుట్టిన జ్ఞానం. ఈనాటి కంప్యూటరుకూ అదే వర్తిస్తుంది.

అయితే ఈ కొలత ఇంగ్లీషు కోసం కుట్టిన జాకెట్టు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. తెలుగు కాగితాలు పెరిగాయి, తెలుగు టైపు తెలిసినవాళ్ల అవసరమూ పెరిగింది. తెలుగులో పదమంటే ఎంత? మన మూడు ఊళ్ల పేర్లే తీసుకుందాం. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో హల్లు, పొల్లు, గుణింతం విడివిడిగా కొడితే ప్రొద్దుటూరుకు 12 మీటలు, జమ్మలమడుగుకు 10, పులివెందులకు 10. షిఫ్టు మీట లెక్కలోనే లేదు. చూడటానికి మూడు పదాలు, వేళ్లకు మాత్రం ఆరుకు పైగా. 'వచ్చేటప్పటికి' అన్న ఒక్క మాటకు 13 మీటలు. ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదే పదమని లెక్కిస్తే తెలుగు కొట్టే మనిషి ఎప్పుడూ నిదానస్తురాలే. మీటలు లెక్కిస్తేనే ఆమె శ్రమ కనిపిస్తుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంగ్లీషులో 35 పదాల వేగాన్ని గంటకు 10,500 మీటలుగా చూసేది ఈ అయిదు మీటల లెక్కతోనే.

కొలత ఉంటే సరిపోదు, తలుపు తెరుచుకోవాలి. 1984 జనవరి 2న రాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయించాలని ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని కోర్టులో సవాలు చేస్తే 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. అదే నిబంధనలో ఇంకో మాట కూడా ఉంది: పురుషుల కంటే స్త్రీలకు ఎక్కువ అనువైన ఉద్యోగాల్లో వారికే ప్రాధాన్యం. ఏది అనువైనదో ఎవరు తేలుస్తారు? కూర్చుని చేసే పని, బయట తిరగనక్కర్లేని పని, మరొకరు చెప్పింది దించే పని స్త్రీకి అనువైనదని ఇల్లూ ఆఫీసూ ఏకాభిప్రాయానికి వచ్చాయి. గది బయటికి తెచ్చిన నైపుణ్యమే ఇంకో గదిలో కూర్చోబెట్టింది. నిమిషానికి 45 పదాలు, అందులో ఒక్కటీ ఆమెది కాదు.

సాహిత్యానికీ విద్యాలోకానికీ ఈ పాపంలో వాటా ఉంది. 2017లో అమెరికన్ ఆచార్యుడు బ్రూస్ హోల్సింగర్ పాత పుస్తకాల ముందుమాటల్ని ఏరి బయటపెట్టాడు. రచయితలు తమ రాతప్రతులను టైపు చేసినందుకు భార్యలకు కృతజ్ఞతలు చెప్పారు, చాలాచోట్ల ఆ భార్యకు పేరు కూడా లేదు. మన సిద్ధాంత గ్రంథాల తొలి పేజీలు తిరగేసినా అలాంటి వాక్యాలు దొరుకుతాయి. టైపు చేస్తూ వాక్యం సరిదిద్దినవాళ్లు, తప్పిన తేదీని పట్టుకున్నవాళ్లు కూడా ఆ 'శ్రీమతి' అన్న ఒక్క మాటలో కలిసిపోయారు.

ఇప్పుడు మనలో చాలామంది మన రచనలను మనమే కొట్టుకుంటున్నాం. కాబట్టి ఈ కొలత మన పనికి వాడుకోవచ్చు. సొంత రచనలో ఒక పేజీ తీసుకుని అయిదు నిమిషాలు తెలుగులో కొట్టి, మీటలు లెక్కించి, అయిదుతో భాగించి, తప్పులు తీసేయండి. బ్యాక్‌స్పేస్‌తో దిద్దినవీ తప్పుల కిందే రాసుకోండి. కాగితం మీద తప్పు నిలిచిపోయేది, తెర మీద అది మాయమవుతుంది కానీ పోయిన సమయం తిరిగి రాదు. ఏ అక్షరం దగ్గర తడబడుతున్నామో తెలిస్తే రోజుకు పావుగంట దానికే ఇవ్వండి. వంటకూ నిద్రకూ మధ్య మిగిలే ఒక్క గంటలో రాసుకునే స్త్రీకి వేగమంటే పోటీ కాదు, ఇంకో అర పేజీ.

అంతకంటే అత్యవసరమైన పని ఇంకొకటి ఉంది. 1980లలో లోయర్, హయ్యర్ పాసై ఉద్యోగాల్లో చేరిన స్త్రీలు పదవీ విరమణ చేశారు, చేస్తున్నారు. ఫీజు ఎవరు కట్టారు, ఏ పూట బ్యాచికి పంపారు, మొదటి జీతం ఎవరి చేతికి వెళ్లింది, ఎన్నేళ్లు ఎవరి మాటలు దించారు, ఒక్కసారైనా తమ మాట కొట్టుకున్నారా? ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో వారి దగ్గర కూర్చుని ఇవి రాసుకోవాలి. ఆ రాసుకున్నదాని మీద వారి పేర్లు ఉండాలి.