తుపాను అనంతరం కళ: ఉత్తరాంధ్రలో సామూహిక సంఘీభావ స్వరూపం

ఉపోద్ఘాతం

ప్రకృతి వైపరీత్యాల చరిత్రలో గాలి వేగం, పంట నష్టం, పరిహారం నమోదవుతాయి. విపత్తు తరువాత సమాజం తిరిగి ఒక్కటయ్యే క్రమంలో కళ నిర్వహించిన పాత్ర అంతగా నమోదు కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలను తాకిన హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుపానుల నేపథ్యంలో ఆ పాత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చారిత్రక నేపథ్యం

ఆపత్కాలంలో కళాకారులు ప్రజల ముందుకు రావడం తెలుగునాట కొత్త కాదు. 1943 నాటి బెంగాల్ కరువు ప్రజానాట్యమండలి బుర్రకథకు వస్తువైంది. 1952లో రాయలసీమ కరువుకు ఎన్.టి. రామారావు విరాళాలు సేకరించారు. 1977 దివిసీమ ఉప్పెన తరువాత ఆయన, అక్కినేని నాగేశ్వరరావు కలిసి జోలె పట్టారు. హుద్‌హుద్ బాధితుల కోసం తెలుగు చలనచిత్ర పరిశ్రమ 2014 నవంబరు 30న నిర్వహించిన 'మేము సైతం' కార్యక్రమం ఈ పరంపరకు కొనసాగింపే. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ కవిత్వం ఆ పేరులోనే స్ఫురిస్తుంది. ఈ సందర్భాలన్నింటిలోనూ కళాకారుడు దాత పక్షాన నిలిచాడు.

ఉద్దానం: కళాకారుడే బాధితుడైనప్పుడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. శరన్నవరాత్రులు మొదలైన మరునాడే ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఈ నష్టం ఒక్క పంటకాలంతో తీరేది కాదు.

ఇక్కడ కళాపోషణకు, పంటకు ఉన్న సంబంధాన్ని గుర్తించాలి. తప్పెటగుళ్ళు, జముకుల కథ వంటి ఉత్తరాంధ్ర కళారూపాలు గ్రామదేవత పండుగలతో ముడిపడి ఉన్నాయి. ఆ పండుగలు ఊరుమ్మడి చందాలతో జరుగుతాయి. తోట పడిపోతే చందా తగ్గుతుంది, చందా తగ్గితే బృందానికి పిలుపు తగ్గుతుంది. పైగా గుండెకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టి ఆడే కళాకారుడు మిగిలిన రోజుల్లో పశువుల కాపరి, రైతు లేదా కూలీ. తుపాను అతని జీవనాధారాన్నీ, అతని కళను పోషించే ఊరినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. పరిహారం చెట్టు లెక్కన, ఇంటి లెక్కన నిర్ణయమవుతుంది. జరగని పండుగను, రాని పిలుపును ఆ లెక్కలో చూపడం కష్టం.

ముగింపు

బయటి కళాకారుల విరాళ ప్రదర్శనలు తక్షణ సహాయానికి తోడ్పడ్డాయి. అయితే ఊరు తిరిగి ఊరుగా నిలిచేది తన పండుగను తాను జరుపుకోగలిగినప్పుడే. అందువల్ల సంఘీభావ చరిత్రను రాసేటప్పుడు స్థానిక కళాబృందాలను సహాయం అందుకోవలసిన సామాజిక వ్యవస్థలుగా కూడా పరిగణించాలి. విపత్తుకు ముందు, తరువాత ఏ ఊరిలో ఏ బృందం ఆడిందో, ఎవరు పోషించారో కళాకారుల నోటనే సేకరించడం ఈ దిశలో తక్షణం చేపట్టవలసిన పరిశోధన. ఆ జ్ఞాపకాలు గల తరం ఉండగానే ఈ పని జరగాలి.