చలిగాలి – మోటారు సైకిలు

ధనుర్మాసము ప్రవేశించిన పిమ్మట జి. కొండూరు పరిసరములలో తెల్లవారుజామున రెండు దృశ్యములు కనబడును. మామిడి తోటలలో కొమ్మల చివర పూతమొగ్గలు తలయెత్తుచుండును. ఆ తోటల ప్రక్కనున్న రోడ్డు మీద చెవులకు మఫ్లరు చుట్టుకొని, భుజములు కుదించుకొని, మోటారు సైకిళ్ళపై మనుష్యులు పోవుచుందురు. వారిలో పాలకేనులు కట్టుకొని పోవువారు కొందరు, కొండపల్లి పారిశ్రామికవాడకు పనికి పోవువారు కొందరు, సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న విజయవాడకు పోవువారు మరికొందరు. చల్లని రాత్రులు మామిడిలో కొత్త చిగురును అణచి పూతను ప్రేరేపించును. కనుక రైతు ఈ చలిని కోరును. అదే రైతు బండి యెక్కిన అరగంటకు వ్రేళ్ళు కొంకర్లు పోయి దిగును.

ఇందులో ఒక వింత కలదు. విజయవాడ ప్రాంతమున డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 18, 19 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర ఉండును. ఇది గొప్ప చలి కాదు. ఇంటి అరుగు మీద కూర్చున్నవానికి ఒక దుప్పటి చాలును. మరి బండి మీద కూర్చున్నవానికి స్వెట్టరు వేసికొన్నను వణుకు తగ్గదేమి? ఉష్ణమాపకములో లేని ఈ చలి ఎక్కడనుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూటయేబది సంవత్సరములు పట్టినది.

మొదటి సగము సమాధానమును కౌంట్ రంఫర్డు అను శాస్త్రజ్ఞుడు చెప్పెను. ఆయన అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. ఉన్ని, బొచ్చు, ఈకలు, పట్టు మొదలగువాటిలో ఏది శరీరపు వేడిని ఎక్కువగా కాపాడునో తెలిసికొనుటకు ఆయన అనేక ప్రయోగములు చేసెను. 1792లో రాయల్ సొసైటీ వారు ఆయనకు కోప్లీ పతకము నొసగిరి. ఆ ప్రయోగముల సారమిది: వెచ్చదనము నిచ్చునది ఉన్ని పోగు కాదు, పోగుల నడుమ చిక్కి కదలక నిలిచిన గాలి. కదలని గాలి మిక్కిలి అధమ ఉష్ణవాహకము. మన చర్మమును అంటియు పలుచని గాలిపొర యొకటి ఎల్లప్పుడు ఉండును. శరీరము ఆ పొరను వెచ్చజేసి, దానినే దుప్పటిగా కప్పుకొని యుండును.

గాలి వీచినచో ఈ దుప్పటి చినిగిపోవును. శరీరము మరల క్రొత్త పొరను వెచ్చజేయవలెను. అదియు వెంటనే కొట్టుకొనిపోవును. ఈ నష్టమెంతయో కొలిచినది అంటార్కిటికాలో. పాల్ సైపిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన 1939నాటి పరిశోధన వ్యాసములో 'గాలిచలి' అను భావమును ప్రవేశపెట్టెను. 1941లో ఆయనయు చార్లెస్ పాసెల్‌ను ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టములో 250 గ్రాముల నీరు పోసి ఆరుబయట వ్రేలాడదీసిరి. వివిధ ఉష్ణోగ్రతలలో, వివిధ వేగముల గాలిలో ఆ నీరు గడ్డకట్టుటకు ఎంతసేపు పట్టునో గుర్తించిరి. ఆ ఫలితములు 1945లో ప్రచురింపబడెను.

అయితే మనిషి ముఖము నీటి గొట్టము కాదు. కనుక కెనడాలో పండ్రెండుగురు స్త్రీ పురుషులను వాయుసొరంగములో నడిపించి, వారి చర్మమునుండి పోవు వేడిని కొలిచిరి. ఆ పరీక్షల సాయముతో రూపొందిన క్రొత్త సూత్రమును 2001లో అమెరికా, కెనడా దేశములు స్వీకరించినవి. దాని ప్రకారము 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల గాలి ముఖమునకు తగిలినచో, గాలి లేని చోట 4, 5 డిగ్రీల చలివలె నుండును. శీతకాలములో లంబసింగి కొండదారులను మోటారు సైకిళ్ళపై ఎక్కువారికి ఈ లెక్క అనుభవములోనిదే. ఈ సూత్రము 10 డిగ్రీలకు మించిన వాతావరణమునకు ఉద్దేశింపబడలేదు. కాని జి. కొండూరులోనైనను లంబసింగిలోనైనను జరుగు పని ఒక్కటే. గాలి చర్మమును చుట్టుప్రక్కల ఉష్ణోగ్రతకంటె క్రిందికి దింపజాలదు. ఆ ఉష్ణోగ్రతకు త్వరగా చేర్చును, అంతే.

ఇప్పుడు ఈ ప్రాంతపు ప్రయాణములను తలచుకొన్నచో విషయము మరింత స్పష్టమగును. ఎడ్లబండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచును. గోనెపట్టా కప్పుకొని కూర్చున్నవానికి బండి నడకవలన పుట్టు గాలి లెక్కలోనిది కాదు. తరువాత వచ్చిన సైకిలు గాలిని పుట్టించినది కాని, త్రొక్కువాని కండరములు వేడినికూడ పుట్టించినవి. మోటారు సైకిలుతో ఈ సమతూకము పోయినది. గాలి నాలుగింతలైనది, శరీరమునకు పని లేకుండ పోయినది. ఇంజను వేడియంతయు గాలి పాలగుచుండగా దానిపై మనిషి బొమ్మవలె కదలక కూర్చుండును.

చిత్రమేమనగా, మొదటి మోటారు సైకిలు కథ వేడితో మొదలైనది. 1885 నవంబరులో జర్మనీలో గాట్లీబ్ డైమ్లరు తయారుచేసిన బండిని ఆయన కుమారుడు పాల్ నడుపగా, ఇంజను వేడికి క్రిందనుండి కూర్చుండు పీటకు నిప్పంటుకొనెనని చెప్పుదురు. ఆ బండి వేగము గంటకు 12 కిలోమీటర్లు మాత్రమే. వేగము పెరిగినకొలది చలి సమస్య యైనది. మొదటి ప్రపంచ యుద్ధములో వార్తాహరులైన మోటారు సైకిలు సైనికులు తోలు కోట్లు, మోచేతివరకు వచ్చు తోలు తొడుగులు ధరించిరి. 1936లో ఇంగ్లండులోని బార్బర్ సంస్థ మైనము పట్టించిన నూలుబట్టతో మోటారు సైకిలు పందెగాండ్రకై కోటు తయారుచేసెను. తోలు గాని, మైనపు బట్ట గాని స్వయముగా వెచ్చనివి కావు. వాటి గుణము ఒక్కటే: అవి గాలిని లోపలికి రానీయవు. రంఫర్డు చెప్పిన గాలిదుప్పటికి అవి కోటగోడలు.

1946లో ఇటలీలో వెలువడిన వెస్పా స్కూటరుకు ముందు వెడల్పైన రేకు ఉండెను. బురదనుండి కాపాడు ఆ రేకు మోకాళ్ళకు గాలి తగులకుండకూడ చేసెను. మన దేశమున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా స్థాపింపబడి బుల్లెట్టు బండ్లు తయారగుట మొదలైనది. 1980లో టి.వి.ఎస్. 50, 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చిన పిమ్మట బండి పల్లెలకును చేరినది. ఈ తేలిక బండ్లకు గాలి నాపు రేకు లేదు. కనుక నడుపువాని ఛాతీయే గాలికి మొదటి అడ్డు.

ఈ చలి కేవలము అసౌకర్యమైనచో ఇంత చర్చ అక్కరలేదు. ప్రమాదము చేతివ్రేళ్ళలో ఉన్నది. శరీరము చల్లబడినపుడు గుండెకు, మెదడుకు వేడి తగ్గకుండుటకై చేతుల రక్తనాళములు ముడుచుకొనును. వ్రేళ్ళ చర్మము సుమారు 15 డిగ్రీలకు దిగినచో వాటి నేర్పు తగ్గును. అంతకన్న దిగినచో స్పర్శయే పోవును. బ్రేకును, క్లచ్చిని పట్టవలసినవి ఆ వ్రేళ్ళే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. బిగిసిన వ్రేళ్ళు అర సెకను ఆలస్యము చేసినచో బండి ఎనిమిది మీటర్లు ముందుకు పోయియుండును. మంచులో ఎదురుగా దీపము లేని ట్రాక్టరు నిలిచియున్నపుడు చావునకు, బ్రతుకునకు నడుమ ఉన్నది ఆ ఎనిమిది మీటర్లే.

పొగమంచు మరియొక శత్రువు. నిర్మలమైన రాత్రులలో నేల వేడి ఆకాశమునకు పోయి, చల్లబడిన బరువైన గాలి పల్లములకు జారును. వాగు దాటునపుడు ఉన్నట్టుండి చలి పెరిగినట్లు తోచుటకు కారణమిదే. అచ్చటి మంచుబిందువులు బట్టలను తడుపును. నీరు కదలని గాలికంటె దాదాపు 25 రెట్లు వేడిని మోసికొనిపోవును. పైగా ఆరునపుడు ఒక్కొక్క గ్రాము నీరు సుమారు 580 కేలరీల వేడిని హరించును. తడిసిన స్వెట్టరు లేని స్వెట్టరుకంటె మేలని చెప్పుట కష్టము.

ఇంత శాస్త్రము తెలియకుండనే పల్లెవారు సగము మందు కనుగొనిరి. కొందరు చొక్కా క్రింద ఛాతీకి వార్తాపత్రిక మడిచి పెట్టుకొందురు. కొందరు కోటును ముందు వెనుకలుగా తొడిగి గుండీల సందులను వీపునకు త్రిప్పుదురు. ఇది నవ్వదగిన పని కాదు. ఆల్ప్సు పర్వతములు దిగు ఫ్రాన్సు సైకిలు పందెగాండ్రు సైతము చొక్కాలలో కాగితములే దూర్చుకొనుచుండిరి. కాగితము గాలిని ఆపును, క్రిందనున్న ఉన్ని ఆగిన గాలిని దాచును. వట్టి అల్లిక స్వెట్టరును పైన వేసికొన్నచో దాని కన్నులగుండ గాలి దూరిపోవును. దానిపై పలుచని వానకోటు వేసికొన్నను అదే స్వెట్టరు రెండింతలు పనిచేయును. చేతులకు తోలు తొడుగులు, లేదా హ్యాండిలుకు కట్టు తొడుగులు అవసరము.

మిగిలిన సగములో ఒక తప్పు జాగ్రత్తగా దిద్దుకొనవలెను. చెవులకు చలియని మంకీ క్యాపు తొడిగి హెల్మెట్టును ఇంటిలో వదలువారు కలరు. 1941లో డాక్టరు హ్యూ కెయిర్న్సు బ్రిటిషు సైన్యపు మోటారు సైకిలు ప్రమాదములను పరిశీలించి హెల్మెట్టు తలను కాపాడునని నిరూపించెను. మన దేశమున 1988నాటి మోటారు వాహనముల చట్టము దానిని విధించినది. ముఖమంతయు కప్పు హెల్మెట్టు చలిగాలికిని మంచి అడ్డే. లోపల దళసరి టోపీ పెట్టినచో హెల్మెట్టు సరిగా కుదరదు. పలుచని గుడ్డ చాలును. చలికి విరుగుడని సారా త్రాగుట మరియొక పొరపాటు. అది చర్మపు రక్తనాళములను విప్పి, వెచ్చగా నున్నదను భ్రమ కలిగించుచునే లోపలి వేడిని బయటికి పోనిచ్చును.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని పెద్దలందురు. అంతవరకు మామిడిపూతకు ఆ చలి కావలెను, బండి నడుపువానికి దానిని దాటు ఉపాయము కావలెను. ఆ ఉపాయమునకు వెల తక్కువ: ఒక గాలిచొరని పైబట్ట, దానిక్రింద ఒక ఉన్నిబట్ట, ఒక జత తొడుగులు, తలపై హెల్మెట్టు. ఇవేవియు లేనపుడు వేగము తగ్గించుటయే మందు. గాలిని పుట్టించుచున్నది ఆ వేగమే కదా!